గడప దగ్గర మొదలయ్యే డిజైన్: నోవై నుంచి ఒక పరిశీలన

డెట్రాయిట్ శివారు నోవైలో కార్ల కంపెనీలకు విడిభాగాలు, సాఫ్ట్‌వేర్ అందించే సంస్థలు చాలా ఉన్నాయి. టాఫ్ట్ రోడ్డులో వేంకటేశ్వరస్వామి గుడి నిలబెట్టుకున్న తెలుగువాళ్లలో ఈ పరిశ్రమను నమ్ముకుని వచ్చినవాళ్లు ఎందరో. డిజైన్ అంటే ఒక వస్తువు రూపాన్ని, పనితీరును తీర్చిదిద్దడమని ఈ రంగంలో పాతుకుపోయిన భావన. వస్తువులు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్న కాలానికి ఆ పునాది చాలదు. రెండు వస్తువుల మధ్య ఉన్న గడపే డిజైన్‌కు మొదటి విషయం కావాలని ఈ వ్యాసం ప్రతిపాదన.

1. కారు

కారులోని కంట్రోలర్లను కలిపే క్యాన్ బస్‌ను బాష్ సంస్థ 1986లో డెట్రాయిట్‌లో జరిగిన ఒక సదస్సులోనే పరిచయం చేసింది. ఇంజను, బ్రేకుల కంట్రోలర్లు ఒకే తీగల జత మీద సందేశాలు పంపుకుంటాయి. ఒక్కో సందేశంలో విషయాన్ని సూచించే సంఖ్య, గరిష్ఠంగా 8 బైట్ల సమాచారం ఉంటాయి. పంపిందెవరో చెప్పే గుర్తు ఉండదు. తీగ కారు దాటని రోజుల్లో అది మంచి పొదుపే.

2015 జూలైలో భద్రతా పరిశోధకులు చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ ఇంట్లో కూర్చుని, హైవే మీద వెళుతున్న జీప్ చెరోకీని నెమ్మదింపజేసి చూపించారు. సెల్ నెట్‌వర్క్ గుండా రేడియో యూనిట్‌లోకి వెళ్లారు. దానికీ క్యాన్‌కూ నడుమ ఉన్న చిప్ కేవలం వినడానికి పెట్టినది. దాని ఫర్మ్‌వేర్ తిరగరాసి మాట్లాడించారు. ఫియట్ క్రైస్లర్ 14 లక్షల వాహనాలను రీకాల్ చేయాల్సివచ్చింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. గడప దాటినవాళ్లందరినీ ఇంటివాళ్లుగా లెక్కించిన డిజైన్‌లో బయటి దొంగ కూడా ఇంటిదొంగే అవుతాడు.

2. అక్షరం

2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను స్తంభింపజేసింది. జ, పొల్లు, ఞ, కంటికి కనబడని నాన్ జాయినర్, చివర దీర్ఘం ఈ వరసలో వస్తే ఐఓఎస్ 11.2.5లో మెసేజ్ యాప్ మూతపడేది. తెలుగు రానివాళ్ల ఫోన్లూ తప్పించుకోలేదు. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6తో దాన్ని సరిదిద్దింది. ఆ నాన్ జాయినర్ మనకు కొత్తది కాదు. ‘సాఫ్ట్‌వేర్’ అని టైపు చేసినప్పుడు ట తర్వాతి వ వత్తుగా మారకుండా ఆపేది అదే. మన రోజువారీ రాత సామగ్రి మరొకరి పరీక్షల్లో అరుదైన సందర్భంగా మిగిలిపోయింది.

3. పర్యవసానం

రెండుచోట్లా ఊహించిన సందర్భాల్లో విడిభాగాలు చెప్పిన పని చేశాయి. అవతల ఎవరుంటారో, ఏం పంపుతారో అన్న ఊహే తప్పింది. 2021లో వెలువడిన ఐఎస్ఓ/ఎస్ఏఈ 21434 ప్రమాణం ముప్పుల విశ్లేషణను వాహనం తొలి ఆలోచన నుంచి జీవితాంతం కొనసాగించమంటుంది. ఇది సరైన మలుపు, కానీ దొంగ గురించి అడిగినంత శ్రద్ధగా అతిథి గురించి కూడా అడగాలి. ఎవరి భాష, ఎవరి లిపి ఈ గడప దాటి రావచ్చు?

ఇప్పుడు ఫోన్‌కు వచ్చిన సందేశం కారు తెర మీద కనిపిస్తోంది. రెండు గడపలూ అక్కడ కలిశాయి. ఆ తెరను పరీక్షించే తెలుగు ఇంజనీరు జాబితాలో మొదటి వరసలోనే ‘జ్ఞా’ ఉండాలి.