'రంగం' అనే మాట: తెలుగు నాటక పరిభాషలో ఒక అర్థపరిణామం

వ్యాససంగ్రహం:
'అంకం', 'రంగం' అనే పదాలను తరగతిలో జంటగా, ఒకే శాస్త్రం నుంచి వచ్చినవిగా బోధిస్తుంటాం. నాటకవిభాగం అనే అర్థంలో 'అంకం' సంస్కృత సంప్రదాయానిది. 'రంగం' ఆధునిక నాటకానిది. ఈ భేదాన్ని ప్రదర్శనచరిత్ర ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అంకం, రంగం, స్థలం, సంధివచనం, తెర.

1. ఉపోద్ఘాతం:
నాటకం చదివే విద్యార్థి మొదట నేర్చుకొనే పదాలు నాంది, ప్రస్తావన, సూత్రధారుడు, అంకం, రంగం, భరతవాక్యం. వీటిలో 'రంగం' తక్కినవాటి వంటిది కాదు. పదం సంస్కృతమే అయినా 'అంకంలోని ఉపవిభాగం' అనే అర్థం నాట్యశాస్త్రంలో లేదు. అక్కడ రంగం అంటే ప్రదర్శన జరిగే చోటు. రంగపీఠం, రంగశీర్షం, రంగపూజ అనే మాటలలో ఉన్నది ఈ అర్థమే.

2. ఉపవిభాగం అవసరం లేని ప్రదర్శన:
సంస్కృత నాటకంలో ఒకే అంకంలో స్థలం మారవచ్చు. పాత్ర రంగంపై చుట్టూ నడిచి మరోచోటికి చేరినట్లు సూచిస్తుంది. నాట్యశాస్త్రం చెప్పిన కక్ష్యావిభాగం ఈ సంకేతానికి ఆధారం. అభిజ్ఞానశాకుంతలం ప్రథమాంకంలో రథంపై వేటాడుతూ వచ్చిన దుష్యంతుడు ఆ అంకంలోనే ఆశ్రమంలో ప్రవేశిస్తాడు.

తెలుగు యక్షగానంలో ఈ పని సంధివచనం చేస్తుంది. కథను ఒకచోటి నుంచి మరొకచోటికి నడిపించేది అదే. పాత్ర రాకను ప్రవేశదరువు తెలుపుతుంది. వీధి భాగవతంలో ఇద్దరు పట్టుకొనే తెర పాత్రను పరిచయం చేయడానికే గాని స్థలాన్ని చూపడానికి కాదు. భామాకలాపంలో సత్యభామ తెర మీదుగా జడ వేయడం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ.

3. తెర మారింది, మాట మారింది:
1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం ఆంధ్రదేశంలో ప్రదర్శనలిచ్చింది. ఆ కాలంలోనే కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో విద్యార్థులచేత నాటకాలు ఆడించారు. అనంతరం బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యుల సరసవినోదినీ సభ ప్రసిద్ధికెక్కింది. ఈ కొత్త రంగస్థలంపై చిత్రించిన తెరలు వచ్చాయి. ఒక తెర అడవి, మరొకటి అంతఃపురం. తెర మారితే స్థలం మారినట్లే. మరోవైపు షేక్స్పియర్ నాటకాల పఠనం, అనువాదం 'సీను' అనే విభాగాన్ని పరిచయం చేశాయి. దానికి తెలుగు పేరు కావలసి వచ్చింది.

ఆ పేరు ఒక్కసారిగా స్థిరపడలేదు. 1909 నాటి కన్యాశుల్కం మలికూర్పులో గురజాడ అంకాలను 'స్థలము'లుగా విభజించారు. ప్రథమాంకం మొదటి స్థలం విజయనగరంలోని బొంకులదిబ్బ. ప్రచారంలో నిలిచింది మాత్రం 'రంగం'. 'రంగస్థలం' అనే సమాసంలోని రెండు పదాలూ విడివిడిగా ఒకే అవసరానికి ఉపయోగపడడం గమనార్హం. చోటును చెప్పే మాట ఆ చోట జరిగే కథాభాగానికి పేరయింది. నేటి నాటికలలో 'దృశ్యం', నటుల వ్యవహారంలో 'సీను' కూడా వినిపిస్తాయి.

4. బోధనలో ప్రయోజనం:
ఈ చరిత్రను విస్మరిస్తే రెండు పొరపాట్లు జరుగుతాయి. మొదటిది, రంగవిభజన లేకపోవడం యక్షగానానికి లోపంగా కనిపిస్తుంది. నిజానికి సంధివచనం ఉన్నచోట ఆ విభజనతో పని లేదు. రెండవది, ఆధునిక నాటకకర్తలు కొత్త ప్రదర్శనపద్ధతికి తగినట్లు చేసుకొన్న ఏర్పాటు కేవలం శాస్త్రానుసరణగా భావింపబడుతుంది.

5. ముగింపు:
విద్యార్థులకిచ్చే నాటక పదపట్టికలో అర్థంతో పాటు ఆ పదం ఏ ప్రదర్శనసంప్రదాయానిదో కూడా తెలపాలి. నాంది, ప్రస్తావనల సరసన సంధివచనం, ప్రవేశదరువు చేరాలి. 'రంగం' ఎదుట రెండు అర్థాలూ ఉండాలి: శాస్త్రంలో ప్రదర్శనస్థానం, ఆధునిక నాటకంలో అంకభాగం. అప్పుడే యక్షగానాన్ని దాని పద్ధతిలో, కన్యాశుల్కాన్ని దాని పద్ధతిలో విద్యార్థి చదవగలుగుతాడు.