సెప్టెంబర్ పదిహేడుకు అటూ ఇటూ

చంపాపేట్ నడుమ నుంచి పోయే తోవను అందరం సాగర్ రోడ్డు అంటాం. ఐఎస్ సదన్ నుంచి వచ్చి, చంపాపేట్, కర్మన్‌ఘాట్, సాగర్ రింగ్ రోడ్డు దాటి ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్ మీదుగా దేవరకొండ వైపు పోతుంది. దేవరకొండ నుంచి డిండి దాటితే అమ్రాబాద్ గుట్టలు, నల్లమల. ఇంకో పక్క ఎల్బీనగర్ చౌరస్తా నుంచి విజయవాడ రోడ్డు చిట్యాల, నకిరేకల్, సూర్యాపేటల మీదుగా సాగుతుంది. హైదరాబాద్ తూర్పు భాగం ఈ రెండు రోడ్ల వెంబడే నిండింది. నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, ఖమ్మంలలో బస్సెక్కినవాళ్లు దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఎల్బీనగర్‌లోనో దిగారు. పిల్లల చదువుకనో నౌకరీకనో ఇల్లు కిరాయికి తీసుకుని, తర్వాత చేతనైన చోట ప్లాటు కొన్నారు. ఊళ్లో ఒంటరైన అమ్మానాన్నలను వెంట తెచ్చుకున్నారు. ఆ ముసలివాళ్లలో కొందరు ఒకప్పుడు భుజాన తుపాకి వేసుకుని గుట్టలెక్కినవాళ్లు.

తెలంగాణ సాయుధ పోరాటం మొదటి సగం మనకు బాగానే తెలుసు. 1944 భువనగిరి మహాసభలో రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యాక ఆంధ్ర మహాసభ పల్లెజనం చేతికొచ్చింది. జనం దాన్ని సంగం అన్నారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌తో కొట్లాడింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య తుపాకి గుండుకు నేలకొరిగాడు. 1947 సెప్టెంబర్ 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపిచ్చారు. వెట్టి, గడీ, రజాకార్లు, భూముల పంపకం: ఇవన్నీ విగ్రహాలయ్యాయి, పాఠాలయ్యాయి, ఏటేటా సెప్టెంబర్ 17న ఉపన్యాసాలవుతున్నాయి. ఆ రోజును విమోచనమనాలా, విలీనమనాలా, సమైక్యతా దినమనాలా అని పార్టీలు ఇంకా తగవులాడుకుంటూనే ఉన్నాయి.

నా పట్టింపు ఆ మర్నాటి గురించి. 1948 సెప్టెంబర్ 13న మొదలైన పోలీస్ యాక్షన్ 17న ముగిసింది, నిజాం లొంగిపోయాడు. మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి మిలిటరీ గవర్నర్ అయ్యాడు. సంగం భయానికి పట్నం పారిపోయిన దొరలు యూనియన్ మిలిటరీ వెనకాలే ఊళ్లకు తిరిగొచ్చారు, ఈసారి ఖద్దరు టోపీలతో. పంచిన భూములు వెనక్కి గుంజుకోవడం మొదలైంది. అప్పుడు పోరాటం నడిపిన కమ్యూనిస్టు పార్టీలోనే రెండు మాటలొచ్చాయి. ఇక తుపాకులు దించాలని రావి నారాయణరెడ్డి వంటివాళ్లన్నారు. భూమి నిలబడాలంటే దించకూడదని సుందరయ్య, భీమిరెడ్డి నర్సింహారెడ్డి వంటివాళ్లన్నారు. పోరాటం సాగింది. ఊరూరా మిలిటరీ క్యాంపు పడ్డాక మైదానంలో దాక్కునే చోటు మిగల్లేదు. దళాలు చిన్నవై, దక్షిణాన కృష్ణ ఒడ్డు నల్లమలకు, ఉత్తరాన గోదావరి అడవులకు, అంటే పాల్వంచ, ఇల్లెందు, మానుకోట, ములుగు వైపుకు జరిగాయి.

మా కాలనీలో సూర్యాపేట దిక్కు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరుండేవారు. రజాకార్ల మీద కొట్లాట గురించి అడిగితే పొద్దుగూకే దాకా చెప్పేవారు. అడవి గురించి అడిగితే మాత్రం నోరు మెదిపేవారు కాదు. ఒక్కసారి మాత్రం, “ఏముంటది బిడ్డా, ఉప్పు దొరకకపోయేది. ఉప్పు లేని గట్కే ఇప్పటికీ యాదికొస్తది” అన్నారు. ఆ మౌనం ఎందుకో చాన్నాళ్లు నాకు అంతుపట్టలేదు. తర్వాత చదివినవాటితో కొంత తెలిసింది. రజాకార్ల మీద కొట్లాటలో ఊరంతా వెంట ఉండేది, ఎవరు శత్రువో పిల్లలకూ తెలుసు. అడవికి పోయాక ఎదురుగా ఉన్నది స్వతంత్ర దేశపు సైన్యం. అన్నం పెట్టిన ఇంటిని ఆ సైన్యం వదిలేది కాదు. దళాలకు తిండి అందకూడదని అడవి పల్లెల నుంచి కోయలను లేపి, కంచెల మధ్య క్యాంపుల్లో కుక్కారనీ అక్కడ రోగాలతో చనిపోయారనీ సుందరయ్య తన తెలంగాణ పోరాట గ్రంథంలో రాశారు. తమ కోసం ఇంకొకరు అంత బాధ పడ్డారని గుర్తున్న మనిషికి వీరగాథ చెప్పబుద్ధి కాదు.

ఆడవాళ్లు ఇంకొంచెం విప్పి చెప్పారు. స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో కమలమ్మ చెప్పుకున్న బతుకు ఒక్కటి చదివినా చాలు. పసిబిడ్డ ఏడుపు దళాన్ని పట్టిస్తుందని, కన్నబిడ్డను వేరేవాళ్ల చేతుల్లో పెట్టిన తల్లి ఆమె. మల్లు స్వరాజ్యం అడవిలో రాజక్క పేరుతో తిరిగింది, ఆమె తలకు సర్కారు 10,000 రూపాయల వెల కట్టింది. తర్వాత తుంగతుర్తి ఎమ్మెల్యే అయిన ఆమె 2022 మార్చి 19న ఇదే హైదరాబాద్‌లో కన్నుమూసింది.

నల్లమలలో, గోదావరి ఒడ్డున ఆకలితో తిరుగుతున్న దళాల గతిని ఎక్కడో దూరాన చర్చించారు. 1951 మొదట్లో అజయ్ ఘోష్, డాంగే, చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య రహస్యంగా మాస్కో వెళ్లి స్టాలిన్‌తో మాట్లాడారు. అదే ఏడు ఏప్రిల్‌లో వినోబా భావే శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనం నుంచి తూర్పు దిక్కుకు నడుచుకుంటూ 18న పోచంపల్లి చేరాడు. వెదిరె రామచంద్రారెడ్డి అక్కడే 100 ఎకరాలు దానమిచ్చాడు. భూదానం పుట్టింది మాకు గంటన్నర ప్రయాణంలో, కమ్యూనిస్టుల భూపంపకానికి జవాబుగా. ఆ అక్టోబర్ 21న పార్టీ పోరాటం విరమించింది. పార్టీ లెక్కల్లో 4,000 మంది చనిపోయారు, 10 లక్షల ఎకరాలు పంచారు. కొద్ది నెలల్లోనే వచ్చిన ఎన్నికల్లో నల్లగొండ రావి నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లేసింది. దేశంలో ఆయనకే అందరికన్నా ఎక్కువ, నెహ్రూ కన్నా ఎక్కువ.

సరిగ్గా ఆ ఏళ్లలోనే యూరప్ కొండల్లో ఇదే బతుకు తిరగేసి నడిచింది. రుమేనియాలో ఫగరాష్ కొండల్లో, లిథువేనియా అడవుల్లో కమ్యూనిస్టు ప్రభుత్వాల మీద తిరగబడినవాళ్లు దాక్కున్నారు. ఇయోన్ గవ్రిలా ఒగోరాను 1976లో గానీ పట్టుబడలేదు. లిథువేనియా దళనాయకుడు అడోల్ఫస్ రమనౌస్కస్‌ను 1957లో చంపేశారు, దొరికిన ఎముకలకు 2018లో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. వాళ్ల సిద్ధాంతం వేరు, శత్రువు వేరు. రాత్రి తలుపు తట్టి అన్నమడగడం, తెల్లారి ఆ ఇంటి మీద దాడి జరగడం మాత్రం ఒక్కటే. అక్కడ రాజ్యం మారింది కాబట్టి అడవిలో గడిపిన కాలమంతా స్వాతంత్ర్య పోరాటం కింద లెక్కకొచ్చింది.

ఇక్కడ ఒక మనిషి జీవితం సెప్టెంబర్ 17 అనే తారీఖు దగ్గర రెండు ముక్కలైంది. స్వాతంత్ర్య సమరయోధుల పింఛను హైదరాబాద్ విలీనం దాకా పడ్డ కష్టాన్నే లెక్కగడుతుంది. ఆరు నెలల జైలు, లేదా అజ్ఞాతవాసానికి రుజువు కావాలి, కాగితం దొరక్కపోతే తోటి ఖైదీ ఇచ్చిన ధ్రువపత్రం కావాలి. చంచల్‌గూడ జైలు మా చంపాపేట్‌కు ఎంతో దూరం లేదు. అందులో నిజాం కాలంలో పెట్టిన మనిషి సమరయోధుడు, అదే మనిషిని 1950లో పెడితే రాజ్యానికి శత్రువు. పింఛను ఫైలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగిన కుటుంబాల్లో పెద్దలు మొదటి భాగాన్నే వల్లెవేసి చెప్పడం నేర్చుకున్నారు, రెండోది ఇంట్లో కూడా ఎత్తలేదు. ఈ అన్యాయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. పింఛను రాకపోవడం ఒక ఎత్తయితే, మూడేళ్ల జీవితం చెప్పుకోకూడనిదైపోవడం మరో ఎత్తు.

ఇంకో మాట కూడా దాచకూడదు. దళాలు చంపినవాళ్ల కుటుంబాలు కూడా ఇవే రోడ్ల వెంట ఇక్కడికే వచ్చాయి. ఊరి పటేలు, పట్వారీ, దొర గుమాస్తా, ఇన్‌ఫార్మర్ అన్న అనుమానంతో ప్రాణం పోగొట్టుకున్న మామూలు మనిషి, వీళ్ల మనుమలూ దళంవాళ్ల మనుమలూ ఒకే అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఎక్కిదిగుతున్నారు. వాళ్ల తాతల చావు కూడా ఈ చరిత్రలోదే.

ఆ పోరాటం ఫలితం మా రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఉంది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, నిజాం సొంత సర్ఫేఖాస్ భూములు దివానీలో, అంటే సర్కారు భూముల్లో, కలిశాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది, తర్వాత దానికి 38-ఇ సెక్షన్ చేరి రక్షిత కౌలుదారుకు పట్టా హక్కునిచ్చింది. సరూర్‌నగర్, ఇబ్రహీంపట్నం దిక్కు ప్లాటు కొనేవాళ్లు లింకు డాక్యుమెంట్లు చూపిస్తే వకీలు మొదట వెతికేది ఈ 38-ఇ నే. అడవిలో ఓడిపోయారని అందరూ అనేవాళ్ల పోరాటానికి భయపడే సర్కారు ఆ చట్టం దాకా దిగివచ్చిందని నా నమ్మకం.

ఆనాడు పద్దెనిమిదేళ్లున్నవాళ్లకు ఇప్పుడు తొంభై అయిదు దాటాయి. ఎక్కడైనా ఒకరిద్దరు మంచం పట్టి ఉంటారు. చంపాపేట్, కర్మన్‌ఘాట్‌లలో 1980ల నాటి ఇళ్లు కూల్చి ఫ్లాట్లు కడుతున్నారు, పాత ట్రంకు పెట్టెలు గుజిరీకి పోతున్నాయి. వాటిలో వారెంటు నకళ్లు, జైలు విడుదల చీటీలు, తోటి ఖైదీల ధ్రువపత్రాలు, చనిపోయిన పటేలు మీద పంచనామా, ఏదున్నా ఫోటో తీసి పెట్టండి, వెనక ఊరి పేరు, తారీఖు రాయండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే పింఛను కోసం వల్లెవేసిన కథ దగ్గర ఆగకండి. 1948 సెప్టెంబర్ 18 నుంచి 1951 అక్టోబర్ 21 దాకా ఎక్కడున్నారో, ఎవరు అన్నం పెట్టారో, ఆ అన్నం పెట్టినవాళ్లకు తర్వాత ఏమైందో అడిగి రాసుకోండి.