ఆడనివ్వని చోటే ఆట నేర్చిన గురువు: జాన్ మెక్‌లెండన్



మనలో చాలామందికి బాస్కెట్‌బాల్ తెలుసు. ఆ ఆటను 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో కనిపెట్టినది జేమ్స్ నైస్మిత్. ఆయన దగ్గరే చదువుకుని, ఆ ఆట నడకనే మార్చిన నల్లజాతి కోచ్ జాన్ మెక్‌లెండన్ గురించి మాత్రం తక్కువమందికి తెలుసు.

మెక్‌లెండన్ 1915లో కాన్సస్ రాష్ట్రంలోని హయవాతా అనే ఊళ్లో పుట్టారు. 1933లో కాన్సస్ విశ్వవిద్యాలయంలో చేరారు. తండ్రి చెప్పిన మాట మీద నేరుగా నైస్మిత్ దగ్గరికి వెళ్లి, తనకు మార్గదర్శిగా ఉండమని అడిగారు. నైస్మిత్ ఒప్పుకున్నారు. అయితే నల్లవాడు కాబట్టి విశ్వవిద్యాలయం జట్టులో మాత్రం ఆయన్ను ఆడనివ్వలేదు. ఆడే దారి మూసుకుపోయినా ఆయన నేర్చుకోవడం మానలేదు. 1936లో అక్కడ వ్యాయామ విద్యలో డిగ్రీ పొందిన తొలి నల్లజాతి విద్యార్థి అయ్యారు.

తర్వాత ఉత్తర కరోలినాలోని డరమ్ పట్టణంలో నల్లజాతి విద్యార్థుల కళాశాలకు కోచ్ అయ్యారు. అప్పట్లో ఆట నెమ్మదిగా సాగేది. ఆయన తన పిల్లల్ని పరుగెత్తించి, ఎదుటి జట్టు ఊపిరి తీసుకునేలోపే బంతిని బుట్టలో వేయించేవారు. బంతి ఎక్కడ ఉంటే అక్కడే ఎదుటివారిని అడ్డుకోవాలన్నది గురువు దగ్గర నేర్చిన పాఠం.

ఆ రోజుల్లో దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లవారు, నల్లవారు కలిసి ఆడడం నిషేధం. అయినా 1944 మార్చి 12న, ఆదివారం ఉదయం ఊరంతా చర్చిలో ఉన్న వేళ, డ్యూక్ వైద్య కళాశాల తెల్ల విద్యార్థుల జట్టు రహస్యంగా వచ్చింది. జిమ్ తలుపులు మూసి ఆడారు. మెక్‌లెండన్ జట్టు 88–44తో గెలిచింది. తర్వాత రెండు జట్లవారూ కలిసిపోయి మరో ఆట ఆడారు. ఈ సంగతి పత్రికలకెక్కడానికి యాభై ఏళ్లు పైనే పట్టింది.

టెన్నెసీ ఎ అండ్ ఐ కళాశాల కోచ్‌గా ఉన్నప్పుడు కాన్సస్ సిటీ టోర్నమెంట్‌కు పిలుపు వచ్చింది. మిగతా జట్లు దిగే హోటల్లోనే తమ పిల్లలకూ గదులు ఇస్తేనే వస్తామని ఆయన షరతు పెట్టి సాధించారు. ఆ జట్టే 1957, 1958, 1959లలో వరుసగా మూడు జాతీయ టైటిళ్లు గెలిచింది. 1966లో క్లీవ్‌లాండ్ స్టేట్‌లో చేరి, తెల్లవారు ఎక్కువగా చదివే విశ్వవిద్యాలయానికి తొలి నల్లజాతి హెడ్ కోచ్ అయ్యారు. 1979లో ఆయన పేరు బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కింది. కోచ్‌గా చేసిన కృషికి అదే గౌరవం మళ్లీ దక్కింది 2016లో. అప్పటికి ఆయన కన్నుమూసి పదిహేడేళ్లు.

మన ఆశ్రమ పాఠశాలల మైదానాల్లో పరుగెత్తే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఆ హోటల్ గదుల సంగతి గుర్తుంచుకోండి. ఆయన ఆటతో పాటు పిల్లల గౌరవాన్నీ గెలిపించారు. రేపు మీలో ఎవరైనా కోచ్ అయితే, మీ జట్టు ఎక్కడ పడుకుంటుందో, ఏం తింటుందో కూడా అడిగి తెలుసుకోండి.