దొనకొండ రన్‌వే: దూరం అదే, కాలమే మారింది

మ్యాపు మీద మద్రాసు మీనంబాకం నుంచి హైదరాబాద్ బేగంపేటకు స్కేలు పెట్టి ఒక గీత గీయండి. నెల్లూరుకు పడమరగా సాగి, మార్కాపురం దరిదాపుల్లో నల్లమల అంచు దాటి వెళ్తుంది. మొత్తం 520 కిలోమీటర్ల పైచిలుకు. ఆ గీతకు తూర్పున, 40 కిలోమీటర్ల లోపే ఉంటుంది దొనకొండ. మద్రాసుకు సుమారు 320, హైదరాబాద్‌కు 210. దాని మీదుగా వెళ్లినా అదనంగా పది కిలోమీటర్లు కూడా పడదు.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్‌వాళ్లు ఇక్కడ రన్‌వే వేశారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. తీరమంతా ఉలిక్కిపడిన రోజులవి. గన్నవరం విమానాశ్రయం పుట్టుకా ఆ యుద్ధంతోనే. దొనకొండలో విమానాలు దిగి పెట్రోలు పోయించుకునేవని ఊళ్లో పెద్దలు ఇప్పటికీ చెబుతారు.

అప్పటి విమానాల సత్తా చూస్తే ఆ మాట నమ్మబుద్ధేస్తుంది. పైలట్లకు శిక్షణ ఇచ్చే టైగర్ మాత్ ట్యాంకు నిండా పోసినా 500 కిలోమీటర్లు దాటలేదు. గంటకు 150 కిలోమీటర్లు కూడా కష్టమే. అలాంటి విమానానికి మద్రాసు నుంచి హైదరాబాద్ ఒక్క ఊపులో అందదు. దొనకొండకు రెండు గంటల పైన, అక్కణ్నుంచి మరో గంటన్నర. ఇదే ఊళ్లో మీటర్‌గేజి రైళ్ల కోసం లోకో షెడ్డూ ఉండేది. నేల మీద ఆవిరి ఇంజనుకైనా, పైన విమానానికైనా దారిలో ఆగక తప్పని కాలం అది.

యుద్ధం ముగిశాక డకోటా విమానాలు ప్రయాణికులను మోయడం మొదలుపెట్టాయి. 1946లో డెక్కన్ ఎయిర్‌వేస్ హైదరాబాద్ కేంద్రంగా వాటినే నడిపింది. రెండు వేల కిలోమీటర్లు ఆగకుండా పోగల డకోటాకు మద్రాసు–హైదరాబాద్ రెండు గంటల పని. నడుమ ఎక్కడా దిగే అవసరం లేదు. ఇప్పటి జెట్‌కు గంట పైచిలుకు చాలు. ఆగకుండా ఎగిరే సత్తా పెరిగేకొద్దీ దొనకొండ అక్కర తీరిపోయింది. 2014లో ఆంధ్రప్రదేశ్ రాజధాని చర్చలో ఊరి పేరు మార్మోగింది. రన్‌వే మీద మాత్రం విమానం దిగలేదు.

దొనకొండకు తూర్పున 60 కిలోమీటర్ల దూరంలో ఇంకో కథ నడిచింది. కొరిశపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారినే 4.1 కిలోమీటర్ల పొడవున, 33 మీటర్ల వెడల్పున కాంక్రీటు రన్‌వేగా మలిచారు. యుద్ధానికి, తుపాను సాయానికి పనికొస్తుందని. 2022 డిసెంబరు 29న తొలి విన్యాసాలు జరిగాయి. 2024 మార్చి 18న సుఖోయ్ యుద్ధ విమానాలు రన్‌వేను తాకేంత కిందికి వచ్చి పైకి లేచాయి. ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలు మాత్రం దిగి, మళ్లీ ఎగిరాయి. రోజూ మిర్చి టిక్కీలు, పత్తి బేళ్ల లారీలు పోయే రోడ్డు అది.

అక్కడ ప్రయాణికుడు ఎక్కే విమానం లేదు; అందుకు గన్నవరం లాంటి విమానాశ్రయానికే పోవాలి. గన్నవరం నుంచి శంషాబాద్‌కు గాల్లో సుమారు 260 కిలోమీటర్లు, గంట ప్రయాణం. దొనకొండ రైతు గన్నవరం చేరాలంటే వినుకొండ, గుంటూరు మీదుగా రోడ్డున నాలుగు గంటలు పడుతుంది. ఆ నాలుగు గంటలూ కలపకుండా వేసే విమాన ప్రయాణపు లెక్క పల్లెకు పనికిరాదు.