వెనక చక్రం బేరింగ్ మార్పు: ఇంట్లో ఎంతవరకు, లేత్ షాపులో ఏది

కారు వేగం పెరిగేకొద్దీ వెనక నుంచి ఒకే తీరు మోత పెరుగుతుంటే బేరింగ్‌ను అనుమానించాలి. చక్రాలు మునిగేంత వరద నీటిలో నడిచిన బండ్లలో సీలు దాటి నీరు చేరి ఇది త్వరగా పాడవుతుంది. పట్టించుకోకపోతే బేరింగ్ వేడెక్కి బిగుసుకుపోవచ్చు, చక్రం ఊడిపోనూవచ్చు. పండక్కి పిల్లాపాపలతో హైవే ఎక్కే ముందే చూసుకోవడం మంచిది.

ఇక్కడ చెప్పేది ముందు చక్రాలతో నడిచే, వెనక డ్రమ్ బ్రేకులున్న కార్ల గురించి. ఆమ్నీ, అంబాసిడర్, బొలెరో లాంటి వాటికి పద్ధతి వేరు.

ఏ వైపుది పోయింది?

మలుపులో బరువు బయటి చక్రాల మీద పడుతుంది. ఎడమకు తిరిగినప్పుడు మోత పెరిగితే కుడి బేరింగ్ పోయి ఉండవచ్చు. టైరు అరిగినా ఇలాంటి మోతే వస్తుంది. అందుకే చక్రం ఎత్తి, పైనా కిందా పట్టుకుని ఊపండి. తర్వాత చేత్తో తిప్పండి. కదలిక గానీ గరగర గానీ ఉంటే బేరింగే.

విప్పే ముందు

ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మలు పెట్టి, బండిని గేరులో ఉంచండి. హ్యాండ్ బ్రేక్ వదిలితేనే డ్రమ్ వస్తుంది. జాకీని ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండ్ పెట్టండి. మధ్య నట్టును వీలైతే చక్రం నేల మీద ఉండగానే వదులు చేయండి. బ్రేకు పొడిని ఊదకుండా తడిగుడ్డతో తుడవండి. డ్రమ్ తీసి ఉండగా బ్రేకు పెడల్‌ను ఎవరూ తొక్కకూడదు. తొక్కితే వీల్ సిలిండర్ పిస్టన్లు బయటికొస్తాయి.

మూడు రకాలు

1. హబ్ యూనిట్: బేరింగ్, హబ్ కలిసే వస్తాయి. పాతది విప్పి కొత్తది బిగించడమే. ఇంట్లో చేయడానికి ఇదే తేలిక.

2. డ్రమ్‌లోకి ప్రెస్ చేసిన బాల్ బేరింగ్: డ్రమ్ విప్పడం, బిగించడం మీరు చేయండి. బేరింగ్ తీసి ఎక్కించే పని మాత్రం ప్రెస్ ఉన్న లేత్ షాపుకు ఇవ్వండి. ఎక్కించేటప్పుడు బలం బయటి రింగు మీదే పడాలి. లోపలి రింగు మీద సుత్తితో కొడితే ఆ దెబ్బ గోళీల మీదుగా వెళ్లి కొత్త బేరింగ్‌లో గుంటలు పడతాయి, మోత మళ్లీ మొదలవుతుంది.

3. టేపర్ రోలర్: రెండు బేరింగ్‌లు, గ్రీజు, స్ప్లిట్ పిన్ ఉంటాయి. రోలర్ల మధ్యకు చేరేలా గ్రీజు పట్టించాలి. బ్రేకు షూలకు అంటనివ్వకూడదు.

కొనేటప్పుడు మోడల్, తయారైన ఏడాది, ఏబీఎస్ ఉందో లేదో చెప్పండి. కొన్ని ఏబీఎస్ బేరింగ్‌లకు ఒక పక్క అయస్కాంతపు రింగు ఉంటుంది. అది తిరగబడితే సెన్సర్ పనిచేయదు.

బిగింపులోనే ప్రాణం

మొదటి రెండు రకాలకు మాన్యువల్‌లో ఉన్న కొలతకు టార్క్ రెంచ్‌తో గట్టిగా బిగించాలి. టేపర్ రకానికి దీనికి పూర్తిగా విరుద్ధం. చక్రం తిప్పుతూ బిగించి, తిరిగి వదులు చేసి, మాన్యువల్ చెప్పిన కొద్దిపాటి ఆట మిగల్చాలి. టేపర్‌ను ఎక్కువ బిగిస్తే కాలిపోతుంది, బాల్ బేరింగ్ నట్టు వదులుగా ఉంటే చక్రం ఆడుతుంది. మాన్యువల్ చేతిలో లేకపోతే నట్టు జోలికి వెళ్లకండి. స్ప్లిట్ పిన్ ఎప్పుడూ కొత్తదే వేయాలి. మధ్య నట్టు కూడా మార్చాలని మాన్యువల్ చెబితే కొత్తదే వేయండి.

పని అయ్యాక నెమ్మదిగా కొంత దూరం నడిపి, రెండు వెనక చక్రాల మధ్య భాగాల దగ్గర చేయి ఉంచి వేడి పోల్చండి. ఒకటి బాగా వేడిగా ఉంటే మళ్లీ విప్పి చూడాల్సిందే. 50 కిలోమీటర్ల తర్వాత వీల్ నట్లు మరోసారి సరిచూసుకోండి.