నేల లోపలి హక్కు

కొన్నేళ్ల కిందట పదో తరగతి పరీక్షల డ్యూటీకి ఏజెన్సీలోకి వెళ్తూ, దారిలో ఒక పెట్రోలు బంకు దగ్గర బస్సు కోసం నిలబడ్డాను. ట్యాంకరు లారీ గొట్టం పెట్టి నేలలోకి డీజిలు దించుతోంది. బంకు కుర్రాడు పొడవాటి కడ్డీ లోపలికి వదిలి కొలత చూస్తున్నాడు. కావిడి దించుకుని కూర్చున్న ఒక సవర ముసలాయన అదంతా చాలాసేపు చూసి, "ఇంత నూని బూమిలోకి పోస్తన్నారు గదా మాస్టారూ, కింద సిల్లు పడితే ఎటెల్తాది?" అని అడిగాడు. గెడ్డలోకి, అనబోయి ఆగాను. ఆయనే మళ్లీ అన్నాడు: "అప్పుడెవుల్నడగాల?"

మొదటి ప్రశ్నకు జవాబు సైన్సు మాస్టారు చెప్పగలడు. రెండో ప్రశ్నకు జవాబు చరిత్రలో వెతకాలి.

మన కొండలకు ప్రత్యేక చట్టం 1839 నుంచీ ఉంది. పర్లాకిమిడి ప్రాంతంలో లేచిన తిరుగుబాట్లను అణచడానికి మద్రాసు ప్రభుత్వం 1832లో జార్జి రస్సెల్‌ను పంపింది. ఆయన సిఫారసు ఫలితంగా వచ్చిన 1839 నాటి 24వ చట్టం గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, కలెక్టరును గవర్నరు ఏజెంటుగా నియమించి ఆయన చేతిలో పెట్టింది. 'ఏజెన్సీ' అనే మాటకు మూలం ఇదే. ఆ ఏజెంటు గవర్నరుకు ఏజెంటే గాని కొండవాడికి కాడన్న సంగతి ఆ మాటలోనే ఉంది. మనం దాన్ని ఊరి పేరులాగా వాడుతూ ఆ అర్థాన్ని మరిచిపోయాం.

1917లో ఏజెన్సీ భూబదలాయింపు చట్టం వచ్చింది. కొండజాతివాడు తన భూమిని ఇతరులకు రాసిస్తే, ఏజెంటు రాతపూర్వక అనుమతి లేనిదే అది చెల్లదన్నారు. 'యజ్ఞం' చదివినవాళ్లకు అప్పు భూమిని ఎలా మింగుతుందో నేను చెప్పనక్కర్లేదు. షావుకారి అప్పు ముందు ఆ చట్టం నిలవలేదు. 1959లో ఒకటో రెగ్యులేషన్ తెచ్చారు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న భూస్వాముల తుపాకులకు బలయ్యారు. శ్రీకాకుళం కొండలు రగిలాయి. ఆ పోరాటం సాగుతుండగానే, 1970 ఫిబ్రవరి 3 నుంచి, ఇవాళ అందరూ '1/70' అని పిలుచుకునే సవరణ అమల్లోకి వచ్చింది. షెడ్యూలు ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే భావించాలి. కాదని రుజువు చేసుకోవలసినవాడు గిరిజనేతరుడే. అక్కడి భూమిని గిరిజనుడికి, లేదా గిరిజనులే సభ్యులుగా ఉన్న సంఘానికి తప్ప ఇంకెవరికి బదలాయించినా చెల్లదు. రస్సెల్ నాడైనా 1970లోనైనా, తిరగబడిన తర్వాతే కొండలకు కొత్త చట్టం వచ్చిందన్నది గమనించాలి. షెడ్యూలులో చేరకుండా మిగిలిపోయిన గిరిజన గ్రామాలు పాత శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలానే ఉన్నాయి. వాటికి ఈ రక్షణ కూడా లేదు.

ఇక్కడ సాహిత్య విద్యార్థులు ఆగి చూడవలసిన మాట ఒకటుంది. ఆ రెగ్యులేషన్ 'వ్యక్తి' చేసే బదలాయింపును నిషేధిస్తుంది. మరి ప్రభుత్వం వ్యక్తా? అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల కంపెనీలకు సర్కారు లీజులిస్తే, సమత అనే సంస్థ కోర్టుకెక్కింది. హైకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. 1997 జులై 11న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరి అభిప్రాయంతో, ప్రభుత్వమూ 'వ్యక్తి'యేననీ, షెడ్యూలు ప్రాంతపు సర్కారు భూమినైనా గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదనీ తేల్చింది. అన్ని కొండల భవిష్యత్తు ఒక్క నామవాచకం అర్థం మీద ఆధారపడింది! శబ్దార్థ చర్చ పండితుల కాలక్షేపం అనుకునే మిత్రులు ఈ తీర్పు చదవాలి.

అయితే ఆ తీర్పు ప్రభుత్వ సంస్థలకు దారి వదిలింది. 2005లో ఒక ప్రైవేటు కంపెనీతో కుదిరిన ఒప్పందం చూడండి. విశాఖ కొండల్లో బాక్సైటు తవ్వేది ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ. దాన్ని శుద్ధి చేసే కర్మాగారం విజయనగరం జిల్లా శృంగవరపుకోట దగ్గర, కంపెనీది. తవ్వే చెయ్యి సర్కారుది, తినే నోరు ఇంకొకరిది. గిరిజనుల ప్రతిఘటనే ఆ తవ్వకాన్ని ఆపింది.

రెండో మాట 'సంప్రదించి'. ఐదవ షెడ్యూలు కింద గవర్నరు చేసే భూమి రెగ్యులేషన్లకు గిరిజన సలహా మండలిని సంప్రదించాలి. 1996 నాటి పెసా చట్టం కూడా భూసేకరణకు ముందు గ్రామసభను లేదా పై స్థాయి పంచాయతీని సంప్రదించమంటుంది. సంప్రదించడం వేరు, సమ్మతి పొందడం వేరు. పెళ్లికూతుర్ని సంప్రదించామని చెప్పే పెళ్లిపెద్దలు మనకు తెలియనివాళ్లు కారు.

మూడో మాట దగ్గర మళ్లీ ఆ బంకుకి రావాలి. నేలలో ట్యాంకు పాతడానికి 1934 నాటి పెట్రోలియం చట్టం, దాని కింద 2002 నిబంధనలు ఉన్నాయి. లైసెన్సు పేలుడు పదార్థాలను చూసే కేంద్ర సంస్థ ఇస్తుంది. జిల్లా అధికారి 'అభ్యంతరం లేదు' అని పత్రం ఇవ్వాలి. ఎవరికి అభ్యంతరం లేదు? ఆ గెడ్డ నీళ్లు తాగేవాడిని అడగాలన్న నియమం ఆ పత్రంలో లేదు. చట్టం చూపంతా నిప్పు మీదే. నీళ్ల మాట చాలా ఆలస్యంగా వచ్చింది. 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాలు ఇచ్చింది. కొత్త బంకు బడికి, ఆస్పత్రికి 50 మీటర్ల దూరంలో ఉండాలన్నది. మన గిరిజన సహకార సంస్థ కూడా బంకులు నడుపుతోంది. పేరులో గిరిజనుడున్నా అది 1956లో ప్రభుత్వం పెట్టిన సంస్థ.

ఇదే ప్రశ్న అమెరికాలోని నవాహో ఆదివాసుల ముందుకూ వచ్చింది. అరిజోనా, న్యూమెక్సికో, యూటా రాష్ట్రాల్లో పరుచుకున్న నేల వాళ్లది. ఉత్త ఉక్కుతో చేసి పాతిన ట్యాంకులు తుప్పుపట్టి, పెట్రోలు భూగర్భజలంలో కలుస్తోందని గుర్తించి అమెరికా 1984లో చట్టం చేసింది. ఆదివాసి నేల మీద రాష్ట్ర ప్రభుత్వాల మాట చెల్లదు గనుక అమలు బాధ్యత కేంద్రానిదైంది. నవాహోలు దాంతో ఊరుకోలేదు. తమ మండలిలో తామే 1998లో ట్యాంకుల చట్టం చేసుకున్నారు. ట్యాంకు పెట్టినవాడు నవాహో ప్రభుత్వానికి జవాబు చెప్పాలి. యురేనియం తవ్వి వదిలేసిన గనులు ఆ నేలలో 500కు పైగా ఉన్నాయి; 2005లో ఆ తవ్వకాన్నే నిషేధించుకున్నారు. వాళ్లను ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. వాళ్ల నెత్తిమీదా వాషింగ్టన్ ఉంది, ఆ గనుల విషం ఇంకా పోలేదు. కాని చిల్లు పడితే ఎవర్ని అడగాలో అక్కడి ముసలాయనకు తెలుసు. ఆ తలుపు అతని మండలి పెట్టుకున్నదే.

మన కథల సంగతీ చెప్పాలి. భూషణం గారి కొండగాలి కథల నుంచీ మన ప్రాంతపు రచయితలు కొండ జీవితాన్ని నిజాయితీగా రాశారు. షావుకారి తక్కెడ, ఫారెస్టు గార్డు లంచం మన కథల్లో బలంగా ఉన్నాయి. కాని నేను చదివినంతలో గిరిజనుడు ఎక్కువగా భూమి పోగొట్టుకున్నవాడు, లేదా దానికోసం తిరగబడ్డవాడు. మన రెగ్యులేషన్ కూడా అతన్ని మోసపోగల అమ్మకందారుగానే చూసింది. తన నేలలో ఏం పాతవచ్చో, ఏం తవ్వవచ్చో నిర్ణయించే మనిషిగా అతను చట్టంలోనూ లేడు, మన కథలోనూ అరుదు. గ్రామసభలో వేలిముద్ర వేసే ముందు కాగితం పైకి చదవమని అడిగే సవర మనిషి నాకు ఏ కథలోనూ ఎదురుపడలేదు. రోడ్డు పక్కన మాత్రం ఎదురుపడ్డాడు. బస్సు వచ్చేసరికి, జవాబు చెప్పకుండానే ఎక్కేశాను.