ఓరుగల్లు పూటకూళ్ళ నుండి నేటి పానశాలల వరకు

ఏ నగర చరిత్ర వ్రాయువారైనను కోటలను, రాజులను, దేవాలయములను వర్ణింతురు గాని, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట నగరవాసులు ఎచ్చట కూడుచుండిరి, ఏమి త్రావుచుండిరి, దానికై ఎంత వెచ్చించుచుండిరి అను విషయమును అంతగా పట్టించుకొనరు. కాని సంపాదనలో ఎంతభాగము ఇల్లు చేరునో నిర్ణయించునవి తరచుగా ఆ రాత్రి గంటలే. కావున ఈ చరిత్రయు తెలిసికొనదగినదే.

మన భాషలో మహానగరపు వినోదములను కన్నులకు గట్టించిన గ్రంథము వినుకొండ వల్లభరాయని పేర వెలసిన ‘క్రీడాభిరామము’. గోవింద మంచనశర్మయు, టిట్టిభసెట్టియు కాకతీయుల ఓరుగల్లు వీథులలో ఒకనాడు తిరుగుచు చూచినదంతయు అందు వర్ణితము. కోడిపందెములు, పొట్టేళ్ళ పోరులు, పల్నాటి వీరుల కథలు పాడు స్త్రీలు, మాచల్దేవి చిత్రశాల, ఒక రూకకే కమ్మని భోజనము పెట్టు పూటకూటిల్లు అందు కానవచ్చును. 1949లో సురవరము ప్రతాపరెడ్డిగారు రచించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ ఈ కావ్యమును సాంఘిక చరిత్రకు ఎట్లు ఆధారము చేసికొనవచ్చునో చూపినది. వేశ్యావాటిక కూడ ఆ నగరమున ఉన్నదనుట నిజమే. అయినను నాటి వినోదములలో అధికభాగము చూచుటకును, వినుటకును, భుజించుటకును సంబంధించినదనుట గమనింపదగియున్నది.

పానము మన దేశమునకు క్రొత్తది కాదు. తాటికల్లు, ఈతకల్లు, ఇప్పసారా ప్రాచీనములే. అయితే ఆంగ్లేయుల కాలమున అవి ప్రభుత్వ ఖజానాకు ముఖ్యమైన రాబడిగా మారినవి. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టము ఈ వ్యవస్థను కట్టుదిట్టము చేసినది. అంగళ్ళు వేలము వేయబడెను. హెచ్చు పాట పాడిన గుత్తదారు ఆ సొమ్మును రాబట్టుకొనుటకై హెచ్చుగా అమ్మవలెను గదా! అనగా త్రాగువాని బలహీనతయే ఒకనికి లాభము, ప్రభుత్వమునకు ఆదాయము అయినది. 1921 నాటి సహాయనిరాకరణోద్యమములో దేశసేవకులు కల్లు అంగళ్ళ ముందు పికెటింగు చేయుటకు కారణమిదియే. కాళ్ళకూరి నారాయణరావుగారు వేశ్యాలోలత్వముపై ‘చింతామణి’ని, త్రాగుడుపై ‘మధుసేవ’ను నాటకములుగా రచించిరి.

దొరల వినోదము వేరు. పట్టణములలో వారికి క్లబ్బులు, రైల్వే కాలనీలలో ఇన్‌స్టిట్యూటులు ఏర్పడినవి. అచ్చట నృత్యమునకు చెక్కనేల, బిలియర్డు బల్ల, పానశాల ఉండెడివి. పెక్కుచోట్ల యూరోపియనులకు ఒకటి, భారతీయులకు మరియొకటి. హైదరాబాదులో మాత్రము ఇరవయ్యవ శతాబ్ది తొలి భాగమున ఇరానీలు తెరచిన చాయ్ హోటళ్ళు మూడవ మార్గము చూపినవి. ఒక కప్పు తేనీటితో, ఒక ఉస్మానియా బిస్కెటుతో గుమాస్తాయు, కవియు, రిక్షావాడును ఒకే కప్పు క్రింద గంటలకొలది కూర్చుండగలిగిరి. ఆబిడ్సులోని ఓరియంటు హోటలు రచయితలకు కూడలిగా ప్రసిద్ధి కెక్కినది, నేడది లేదు.

మద్యనిషేధ చరిత్ర మరింత విచిత్రము. 1937లో రాజాజీ మంత్రివర్గము సేలము జిల్లాలో నిషేధమును ప్రవేశపెట్టి, మరుసటి యేట చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసెను. పోయిన ఆదాయమును పూడ్చుకొనుటకై 1939లో అమ్మకపు పన్ను విధించెను. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతట నిషేధము అమలులోనికి వచ్చినది. కాని గీత కార్మికులు జీవనోపాధిని గోల్పోయిరి. దొంగసారా పెచ్చు పెరిగెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించిన పిమ్మట నియమితమైన రామమూర్తి సంఘము నిషేధమును తొలగింపుమని సూచించినది. శ్రీకాకుళపు నాయకుడు గౌతు లచ్చన్న గీత కార్మికుల పక్షమున ఉద్యమించెను. 1954 నవంబరులో ఈ సమస్యపైననే ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము ఒక్క వోటు తేడాతో పడిపోయినది. 1956లో తెలంగాణము కలిసిన తరువాత, ఒకే రాష్ట్రమున ఒక ప్రాంతమందు మద్యవిక్రయము నేరము, మరియొక ప్రాంతమందు న్యాయమైన వ్యాపారము!

నిషేధము క్రమముగ సడలి, సారా మరల పల్లెలకు చేరినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు, రాత్రిబడులలో అక్షరములు దిద్దుచు, త్రాగుడు వలన చెడిన సంసారముల కథలను వాచకములో చదివిరి. అవి తమ కథలే. వారు సారా అంగడిని మూయించిరి. రోశమ్మ పేరు రాష్ట్రమంతట మారుమ్రోగెను. 1993 అక్టోబరు 1 నుండి సారా నిషిద్ధమైనది. 1995 జనవరిలో నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వము సంపూర్ణ నిషేధమును అమలు చేసినది. 1997లో అదియు సడలింపబడెను. ఖజానా లోటే ముఖ్యకారణముగా చెప్పబడినది. సేలములో 1937లో ఎదురైన ప్రశ్నయే అరువది యేండ్లకు మరల ఎదురైనది.

ఇక మన రాయపూరు సంగతి. 1931లో విజయనగరము–రాయపూరు రైలుమార్గము పూర్తియగుటతో ఉత్తరాంధ్రమునకు, ఛత్తీసుగఢమునకు రాకపోకలు సుగమములైనవి. రైలు స్టేషనుకు ఆవల నున్న గుఢియారీ వంటి పేటలలో అంగడివీథులును, కార్మికుల యిండ్లును ప్రక్కప్రక్కనే యుండును. మన ఇప్పపువ్వునే ఇచ్చటివారు మహువా అందురు. గిరిజనుల పెండ్లిండ్లలో, పండుగలలో దాని సారాకు స్థానము కలదు. 2000 నవంబరు 1న ఈ నగరము రాష్ట్ర రాజధాని యైనది. విమానాశ్రయమునకు పోవు వి.ఐ.పి. రోడ్డు పొడవునను హోటళ్ళు, బార్లు, లౌంజులు వెలసినవి. 2017 నుండి మద్యపు అంగళ్ళను ప్రభుత్వ సంస్థయే నడుపుచున్నది. గుత్తదారు తొలగెను గాని ఖజానా ఆశ తొలగలేదు.

లౌంజు దీపముల రంగు వేరు, కల్లు అంగడి బుడ్డిదీపము వేరు. ఇంటివద్ద ఎదురుచూచు ఇల్లాలికి మాత్రము రెంటికిని భేదము లేదు. 1964 నాటి కేంద్రోద్యోగుల నడవడి నియమములలో 22వది, విధినిర్వహణ కాలమున మత్తులో నుండరాదనియు, మత్తులో బహిరంగ స్థలమున కనబడరాదనియు శాసించుచున్నది. నియమము ఉద్యోగిని అదుపులో నుంచగలదేమో గాని, అతనికి సాయంకాలము పోదగిన చోటు చూపజాలదు. ఆ చోటు మనమే కల్పించుకొనవలెను.

ఓరుగల్లు ప్రజ కథాగానమునకు గుమిగూడినది. హైదరాబాదు గుమాస్తా ఒక కప్పు తేనీటితో లోకమును చర్చించెను. దూబగుంట స్త్రీలు రాత్రిబడిలో తమ బలమును తాము తెలిసికొనిరి. పరాయిప్రాంతమున నున్న మనకు భాషా సంఘపు మందిరము, పుస్తకముల బీరువా, నాటకపు రిహార్సలు, బాలబాలికల పాటలు అట్టి చోట్లే. కుటుంబమంతయు కలసి పోగల చోటు ఏ నగరమున హెచ్చుగా నుండునో, ఆ నగరమున రాత్రికి భయపడవలసిన ఇల్లాండ్రు తక్కువగా నుందురు. మన సంఘము తలుపులు ప్రతి సాయంకాలము తెరచియుండుగాక!